లంక ఊరు టెర్రైన్: థర్మోకోల్ కరిగిపోయింది, ఏరు బల్ల మీద పట్టట్లేదు

లంకగాలి | మంగళవారం, రాత్రి 10.40

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు వైపు, ఉద్యోగం హైదరాబాదులో. పండక్కి ఊరెళ్లినప్పుడల్లా బావ, చెల్లి, బాబాయి కొడుకులిద్దరూ, నేనూ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, తలో పాత్ర వేసి, పాచికలేసుకుంటూ కథ నడిపే ఆట. కథ నడిపించే గేమ్ మాస్టర్ని నేనే. ఇంతకాలం గళ్ల కాగితం మీద పెన్సిల్ గీతలతో బండి లాగించేశాను. ఈ సంక్రాంతికి మాత్రం నిజం ఊరిలా ఉండే టెర్రైన్, అదే బల్ల మీద పెట్టే నేల నమూనా, చేసి వాళ్ల నోళ్లు మూయిద్దామని పూనుకున్నాను.

కథ ఇదండి. 1839లో కోరింగ ఉప్పెన వచ్చిందా, ఆ తర్వాతి ఏడాది. గోదారి వశిష్ఠ పాయలో ఒక లంక (ఏటి మధ్య దిబ్బ), పేరు నేనే పెట్టుకున్నాను. జమీందారు గారి ఖజానా పడవ కాలవ లాకుల దగ్గర మాయమైంది. దాన్ని వెతుకుతుంటే వరద తగులుకుంటుంది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు థర్మోకోల్ పలక తెచ్చి, గట్టు చెక్కి, ఇళ్లు నిలబెట్టి, నల్లరంగు స్ప్రే కొట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఊరంతా బొరియలు. వీడియో కాల్‌లో మా నాన్న చూసి "ఎలకలు కొట్టాయేంట్రా" అన్నారు. ఫొటో పెట్టనండి, సిగ్గేస్తోంది. ప్రాంతం మ్యాప్ ఒకటి గీశాను, అది మాత్రం పెడుతున్నాను.

రంగు సంగతి ఒకటి. ఏటిని ఎలా చూపించాలో రెండోది. కొబ్బరిచెట్లు ఎలా చేస్తే తాటిచెట్లలా కనబడకుండా ఉంటాయో మూడోది. డబ్బు పెద్దగా లేదండి, టైము మూడు వారాలు.

థర్మోకోల్ రాజా | మంగళవారం, రాత్రి 11.15

తమ్ముడూ, కొట్టింది ఎలకలు కాదు, డబ్బాలో ఉన్న ద్రావకం. థర్మోకోల్ పాలీస్టైరిన్ గుళికల ముద్ద, లోపల దాదాపు అంతా గాలే. స్ప్రే రంగులో ఉండే థిన్నర్ లాంటివి ఆ ప్లాస్టిక్‌ని ఐసుగడ్డలా కరిగించేస్తాయి. పెట్రోలు పడ్డా అంతే, ఫెవిక్విక్ పడ్డా అంతే, చెప్పులు అతికించే గమ్ము రాసినా అంతే. నీళ్లతో కలిసే రంగులు, ఫెవికాల్, ఈ రెండిటినీ నమ్ముకో.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఫెవికాల్, నల్ల యాక్రిలిక్ రంగు సగం సగం కలిపి, కాసిన్ని నీళ్లు పోసి, బ్రష్షుతో రెండు పూతలు వెయ్యి. ఆరాక పైన పెంకు కట్టినట్టు గట్టిపడుతుంది. అప్పుడు కూడా స్ప్రే జోలికి పోకు, సూదిమొన అంత సందున్నా లోపలికి దిగుతుంది. పలక మీద పలక అతికించినప్పుడు మధ్యలో గాలాడక ఫెవికాల్ రెండు రోజులైనా ఆరదు. టూత్‌పిక్కులు గుచ్చి పైన బరువు పెట్టి వదిలెయ్.

చేతనైతే మామూలు థర్మోకోల్ మానెయ్. మేడ మీద ఎండ దిగకుండా పరిచే ఎక్స్‌పీఎస్ షీటు దొరుకుతుంది. గుళికలు రాలవు, బాల్‌పెన్నుతో రాళ్ల సందులు గీస్తే గీతలు నిలుస్తాయి. అల్యూమినియం కాగితం ఉండచుట్టి దాని మీద నొక్కితే రాతిగోడ గరుకు దానంతటదే వస్తుంది. కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగతో కోసేటప్పుడు వీధరుగు మీద కూర్చో. ఆ పొగ పీల్చకూడదు.

ఇక డబ్బు మాట. మా భీమవరంలో రొయ్యలు, చేపలు ప్యాక్ చేసే పెట్టెలు ఊరికే పడుంటాయి. మందమైన మాంచి థర్మోకోల్. నేను రెండేళ్లుగా అవే వాడుతున్నాను. వాసన విషయం మాత్రం మా ఆవిడనే అడగాలి. మా గుంపులో ఒకడు నా గుహలోకి రాగానే "ఇక్కడ చేప చచ్చిందా" అని పాత్ర గొంతుతోనే అడిగాడు.

చెన్నపట్నం డైస్ | బుధవారం, ఉదయం 8.05

మ్యాప్ చాలా నీటుగా ఉంది, ఒక్క మాట చెప్తాను ఏమనుకోకండి. మీ ఏరు కిందికి వస్తూ మూడు పాయలైంది. కొత్తగా ఫాంటసీ మ్యాపులు గీసేవాళ్లు అందరూ చేసే తప్పే ఇది. నదులు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి కానీ చీలవు. నీళ్లు పల్లం చూసుకుని ఒకే దారి పట్టుకుంటాయి. సరి చేసుకుంటే మ్యాప్ నమ్మబుద్ధేస్తుంది.

ఏటిగట్టు | బుధవారం, ఉదయం 8.31

ఆయ్. ఈ ముక్క గోదారికి ఎవరన్నా కబురు చెయ్యండి పాపం. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలి, వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ చీలి, ఇన్నాళ్లుగా తప్పు చేస్తానే ఉంది.

సప్తగోదావరులంటే ఏవిటనుకున్నారండీ? తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వశిష్ఠ. మా ఇళ్లల్లో పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఇవే వచ్చేస్తాయి. తమ్ముడు మూడే గీశాడు, నన్నడిగితే తక్కువ గీశాడు.

చెన్నపట్నం డైస్ | బుధవారం, ఉదయం 9.10

హహ, ఒప్పుకున్నాను. డెల్టాని మర్చిపోయి మాట్లాడాను. అయితే నిజంగానే అడుగుతున్నాను, ఎక్కడ చీల్చొచ్చు, ఎక్కడ చీల్చకూడదు? గీసేవాడికి ఏదో ఒక గుర్తుండాలి కదా.

ఏటిగట్టు | బుధవారం, మధ్యాహ్నం 1.20

అలా అడిగారు బావుంది. కొండల్లో మీరు చెప్పిందే రైటు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదాట్లో కలుస్తుంది, చీలదు. పాపికొండల మధ్య ఏరు ఇరుకున పడి లోతుగా పోతుంది, అక్కడా చీలదు. కొండలు దాటి చదును నేల మీదికి వచ్చాక వాలు పోతుంది. వాలు పోతే పరుగు పోతుంది. పరుగు పోతే మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దించేస్తుంది. తన దారికి తనే అడ్డం పోసుకుని పక్కదారి వెతుక్కుంటుంది. గీసేటప్పుడు సముద్రం దగ్గరపడ్డాక, చదును నేల మీదే చీల్చండి. చీలిన పాయ దేనికది సముద్రాన్ని చేరాలి. మధ్యలో చీలి మళ్లీ కలిసిందంటే ఆ మధ్యన ఉన్నది లంక.

ఇంకోటి కూడా ఉంది. లంకకి గీసిన గీత నిలవదు. ఒక పక్క కోసేస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. అందుకే నా మ్యాపులో లంకల అంచు ఎప్పుడూ పెన్సిలే, ఇంకు పెట్టను. వరద సెషన్ అవగానే ఆటగాళ్ల ముందే చెరిపి పక్కకి జరిపి గీస్తాను. పోయినసారి ఒకడి పొలం ఏట్లో కలిసిపోయింది. వాడు నాతో వారం రోజులు మాట్లాడలేదండి.

పంటు మాస్టారు | బుధవారం, సాయంత్రం 6.45

బాబూ లంకగాలీ, నీ మ్యాపులో నాకు వేరే అభ్యంతరం ఉంది. ఆరు మైళ్ల హెక్సులు, ఆ ఆరుమూలల గళ్లు, పరిచావు. హెక్సు ఎడారికి, అడవికి పనికొస్తుంది. ఎటు నడిచినా కష్టం ఒకటే అనుకునే చోట బావుంటుంది. మన సీమలో దూరానికి అర్థమే వేరు. నరసాపురం రేవులో నిలబడితే సఖినేటిపల్లి కళ్లెదురుగా కనబడుతుంది. ఏరు దాటించే పంటు ఉంటే అవతలొడ్డు. పంటు ఆగిందా, చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. హెక్సు లెక్కలో రెండూ పక్కపక్క గళ్లే!

అందుకని గళ్లు చెరిపేసి రేవులు పెట్టుకో. రేవుకీ రేవుకీ మధ్య గీత గియ్యి. గీత మీద మైళ్లు రాయొద్దు. పడవ మీద ఎన్ని గడియలో, వాలుకి ఎంతో, ఎదురుకి ఎంతో రాయి. వరదొస్తే ఏ గీత తెగుతుందో ఎర్రసిరాతో చుక్క పెట్టుకో. పాయింట్ క్రాల్ అంటారట కదా మీ కుర్రాళ్లు, మేం ఆ పేరు తెలియకుండానే అలా బతికాం.

రెండో మాట. 1840లో కాలవ లాకులు ఎక్కడివి? కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టిందే 1847లో, పూర్తయింది 1852లో. కాలవలు, లాకులు ఆ తర్వాతే. నీ ఖజానా పడవ లేని లాకుల్లో మాయమైంది నాయనా.

లంకగాలి | బుధవారం, రాత్రి 9.50

మాస్టారూ, లాకుల సంగతి పట్టుకుంటారని తెలుసు, ఇంత తొందరగా అనుకోలేదు. అక్కడే అసలు పజిల్ పెట్టుకున్నానండి, ముందూ వెనకా తలుపులు మూసేసి నీటిమట్టం పెంచుతూ పోవడం. వదల్లేను. ఏదో ఒకటి ఆలోచిస్తాను.

రేవుల మ్యాప్ ఈ రాత్రికే మొదలుపెడుతున్నాను. బల్ల మీద ఏటి వెడల్పు మాత్రం తెగట్లేదు. ఒక్కో గడి అంగుళం, అంగుళానికి అయిదడుగులు, ఆ లెక్కన వశిష్ఠని ఎంత వెడల్పు పెట్టాలి?

థర్మోకోల్ రాజా | బుధవారం, రాత్రి 10.20

లెక్క కడితే నవ్వొస్తుంది. ఏరు కిలోమీటరు వెడల్పనుకో. 3,280 అడుగులు. అయిదుతో భాగిస్తే 656 అంగుళాలు, అంటే దాదాపు 55 అడుగుల బల్ల. మీ ఇంట్లో కాదు, కల్యాణమండపంలో ఆడుకోవాలి.

ఏటిని పెట్టకు. రేవు పెట్టు. బల్ల ఒక అంచున నాలుగంగుళాల నీళ్లు, మెట్లు, కట్టేసిన నావ, చాలు. అవతలొడ్డు కనబడకపోతేనే అది గోదారి.

గూనపెంకు | గురువారం, ఉదయం 6.30

కొత్తగా చేరానండి. నరసాపురం దగ్గర, స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఆట మా అబ్బాయి వల్ల అబ్బింది. మీరంతా ఫోము, తీగ అంటుంటే నాకొకటే అనిపిస్తోంది, మనం ఏటేటా బొమ్మల కొలువులో చేసేది ఇదే కదా? ఇసకతో దారి, అద్దం ముక్కతో చెరువు, వారం ముందు ఆవాలు చల్లితే పండగ నాటికి పచ్చటి చేను. మా అమ్మమ్మ రాగులు మొలకెత్తించి ఊడ్పుల పొలం చేసేది. మూడు వారాలుందన్నారు కాబట్టి తమ్ముడికి ఇది పనికొస్తుంది. ఒక్క మడి మాత్రం నిజం మొలకలతో పెట్టుకోండి, చిన్న ట్రేలో విడిగా. థర్మోకోల్ మీద తడి ఉంచకండి.

మిగతా గడ్డికి రంపపు పొట్టు. కోతమిల్లులో అడిగితే ఊరికే ఇస్తారు. జల్లించి, ఆకుపచ్చ, పసుపు పోస్టర్ రంగుల్లో విడివిడిగా తడిపి, నీడన ఆరబెట్టి, రెండూ కలపండి. ఒకే పచ్చ వేస్తే బిలియర్డ్స్ బల్లలా ఉంటుంది. దున్నిన చేలకి కొబ్బరి పొట్టు కంటే మంచిది ఈ లోకంలో లేదు. పూరిపాకకి కొబ్బరి పీచే, దువ్వెనతో దువ్వి కట్టలు కట్టి కిందినుంచి పైకి వరసలుగా అతికించాలి. పైనుంచి మొదలెడితే వాన కురిసే పాకవుతుంది, అతుకులన్నీ బయటపడతాయి.

పెంకుటింటికి అట్టపెట్టె చాలు. పై కాగితం తడిపి ఒలిస్తే లోపల అలలు బయటపడతాయి, అవే గూనపెంకు వరసలు. 1840 అన్నారు కదా, బల్లపరుపు మంగుళూరు పెంకు మాత్రం వెయ్యకండి. అక్కడ బాసెల్ మిషన్ వాళ్ల పెంకుల ఫ్యాక్టరీ వచ్చింది 1865లో.

సున్నితమైన బొమ్మలకి కొండపల్లి వాళ్ల మక్కు కలిపి చూడండి. చింతగింజల జిగురు, రంపపు పొట్టు. తెల్లపొణికి కొయ్య ముక్కలు అతకడానికి వాళ్లు వాడేది అదే. ఆరితే రాయి. నేను రేవు మెట్లన్నీ దాంతోనే చేశాను.

లంకగాలి | గురువారం, ఉదయం 7.15

అక్కా, పెంకులు కూడా పట్టుకున్నారా! ఇంకేమన్నా మిగిలితే ఒకేసారి చెప్పెయ్యండి బాబూ.

ఏటిగట్టు | గురువారం, ఉదయం 7.22

మిగిలిందండోయ్. కాలవలో గుర్రపుడెక్క పెడతావేమో, పెట్టకు. అది దక్షిణ అమెరికా మొక్క. మన దేశానికి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో.

లంకగాలి | గురువారం, ఉదయం 7.25

సంవత్సరం తీసేస్తున్నానండి. కథ "అనగనగా" కాలంలో జరుగుతుంది. లాకులుంటాయి. గుర్రపుడెక్క కూడా ఉంటుంది. ఎవరేమన్నా సరే.

సార్వాదాళ్వా | గురువారం, మధ్యాహ్నం 3.00

నీళ్ల గురించి ఎవరూ సరిగా చెప్పలేదు, నేను చెప్తాను. రెండు డబ్బాల ఎపాక్సీ రెజిన్ తెచ్చుకో. డబ్బా మీద రాసిన పాళ్లలోనే, తక్కెడలో తూచి కలుపు, కంటి అంచనా వద్దు. పలచటి పొరలుగా పొయ్యాలి. నేను శ్రావణమాసంలో ఒకేసారి కిలో పోశాను. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని తెలియదు. కింద థర్మోకోల్ కుంగిపోయింది, గాలిలో తేమకి పైన పాలమీగడలా తెల్లపొర కట్టింది. అంచుకి వేసిన టేపు ఊడి అమ్మ వంటింటి గచ్చు మీదికి కారింది. గచ్చు మీద ఆ చెరువు ఇప్పటికీ ఉంది. చేతొడుగులు తప్పనిసరి, చర్మానికి మంచిది కాదు.

అయినా చెప్తున్నాను, రెజిన్ అందం దేనికీ రాదు. అడుగున ఇసక, గులకరాళ్లు కనబడుతుంటే ఉంటుంది చూడండీ!

గూనపెంకు | గురువారం, రాత్రి 8.40

సార్వాదాళ్వా గారూ, అడుగు కనబడాలంటే ముందు ఏట్లో నీళ్లు తేటగా ఉండాలి కదండీ. తమ్ముడు చేస్తున్నది వరద. ఎర్రనీరు వచ్చాక గోదాట్లో చెయ్యి ముంచితే మణికట్టు కనబడదు. ఒండ్రు నీళ్లకి రెజిన్ దేనికి? రంగు చాలు.

ఇటుకరాయి ఎరుపు, కాస్త పసుపు, ఎక్కువ గోధుమ రంగు. కొబ్బరినీళ్లలో టీ డికాషన్ పోసినట్టు ఉండాలి. ఒకే రంగు కొట్టకండి. ప్రవాహం వెంబడి ముదురు, లేత చారలు పొడుగ్గా లాగాలి. ముందుగా టిష్యూ కాగితం ఫెవికాల్ నీళ్లతో అతికించి, వేళ్లతో ముడతలు తోసుకుంటే అలలు వస్తాయి. రేవు మెట్లకి తగిలే చోట, చెట్టు మొదలు చుట్టూ టూత్‌బ్రష్షుతో తెల్లనురగ. సుడికి గరిటె వెనక్కి తిప్పి తడి పుట్టీలో గుండ్రంగా తిప్పండి. అంతా ఆరాక నీళ్లతో కలిసే మెరుపు వార్నిష్ మూడు పూతలు. ఖర్చు ఒక పుల్లట్టు, టీ.

సార్వాదాళ్వా | గురువారం, రాత్రి 8.55

వరదకి ఒప్పుకుంటున్నాను. దాళ్వా, అంటే రెండో పంట కాలం కాలవకి మాత్రం ఒప్పుకోను.

థర్మోకోల్ రాజా | శుక్రవారం, ఉదయం 9.30

కొబ్బరిచెట్ల గురించి. 28 మిల్లీమీటర్ల మినీల (ఆటలో పాత్రల చిన్న బొమ్మల) లెక్కలో అరవై అడుగుల చెట్టు అంటే 12 అంగుళాలు. అలా పది చెట్లు పెడితే పాచికలు వెయ్యడానికి చెయ్యి దూరదు, మొహం మీద మట్టలు గుచ్చుకుంటాయి. నేను ఆరేడు అంగుళాల దగ్గర ఆపేస్తాను. అడిగితే గంగబొండాలని, పొట్టి రకమని చెప్తాను.

మానుకి ఇనప తీగ, దానికి పురికొస దగ్గరదగ్గరగా చుట్టి ఫెవికాల్ రాస్తే మట్ట రాలిన గుర్తుల్లాగా కణుపులు వాటంతటవే వస్తాయి. కొంచెం వంచు. నిటారుగా నిలబెడితే అది తాటిచెట్టే, నీ మూడో సందేహం తీరిపోయింది. ఆకుకి పచ్చకాగితం మధ్యలో సన్నతీగ పెట్టి మడిచి, రెండు పక్కలా దువ్వెన పళ్లలా కత్తిరించు. గెలకి మిరియాలు. అడుగున రూపాయి బిళ్ల అతికించు, బరువుకి నిలబడుతుంది, ఆట మధ్యలో తీసి పక్కన పెట్టొచ్చు.

తోటలో చెట్టుకీ చెట్టుకీ పాతికడుగులు వదులుతారు. బల్ల మీద అయిదు గళ్లు. మినీలు తిరగడానికి కొలిచినట్టు సరిపోతుంది. మన తాతలకి ఈ ఆట తెలుసేమో అని నా అనుమానం.

మడపొద | శుక్రవారం, రాత్రి 10.10

తాళ్లరేవు నుంచండి. ఖజానా పడవ చివరికి కోరింగ మడల్లో దొరికేట్టు పెట్టరాదూ? మడ అడవి చెయ్యడం తేలిక, చూడ్డానికి భయంగా ఉంటుంది. కొబ్బరి ఈనెలు అర అంగుళం ముక్కలు నరికి బురద రంగు పలకలో నిలువుగా గుచ్చుకుంటూ పోండి, వందలు. మడచెట్ల ఊపిరివేళ్లు అచ్చం అలానే ఉంటాయి, నేలలోంచి పెన్సిళ్లు మొలిచినట్టు. అక్కడ పరిగెడితే పడతారని రూలు పెట్టండి. ఉప్పుపొన్న వేళ్లకి రాగితీగ పురి విప్పి గొడుగు ఊచల్లా కిందికి వంచితే సరిపోతుంది. తిల్లచెట్టు ఒకటి పెట్టండి. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని మావైపు పిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. విషం కోసం మాన్యువల్ తిరగెయ్యక్కర్లేదు.

ముఖ్యం పోటు, పాటు. రోజుకి రెండుసార్లు నీళ్లెక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఆరు రౌండ్లు పోటు, ఆరు రౌండ్లు పాటు. పాటులో పడవ బురదలో కూరుకుపోతుంది, పోటులో నడిచేవాడు మునుగుతాడు. ఒకే పలక, రెండు మ్యాపులు.

చెన్నపట్నం డైస్ | శనివారం, ఉదయం 11.00

పోటు, పాటు ఐడియా దొంగిలిస్తున్నాను, ముందే చెప్తున్నా. ఒక సందేహం. నేను చేసే టెర్రైన్లన్నీ కొండలు, బురుజులు, మెట్లు. ఎత్తుంటేనే ఆటకి రుచి అని నేర్చుకున్నాం. ఇంత చదునైన ఊళ్లో యుద్ధం చప్పగా ఉండదా?

పంటు మాస్టారు | శనివారం, సాయంత్రం 5.30

చదును అన్నారు చూడండి, అక్కడే అసలు విషయం ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 మ్యాపు తీసి మా మండలం మీద కాంటూరు గీత కోసం వెతకండి, కళ్లు కాయలు కాస్తాయి. కానీ మా ఊళ్లో ఎవర్నడిగినా ఎవరి అరుగు ఎవరి అరుగు కంటే జానెడు ఎత్తో చెప్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు తెలిసిందది. మా అరుగు మునిగింది, ఎదురింటిది మునగలేదు. తేడా అడుగున్నర.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఎగరేస్తారు. మొదటిదానికీ రెండోదానికీ తేడా రెండడుగులు, రెండోదానికీ మూడోదానికీ నాలుగు. నీ అంగుళానికి అయిదడుగుల లెక్కలో రెండడుగులంటే 10 మిల్లీమీటర్లు, నాలుగడుగులంటే 20. అంటే లంకగాలీ, నీ లంకని 10 మిల్లీమీటర్ల పలకలతో మెట్లు మెట్లుగా కట్టు. అట్టడుగు పలక ఇసకమేట, పైది చేలు, ఆపైది ఊరు, ఇళ్ల అరుగులు ఇంకొంచెం, అన్నిటికంటే పైన గట్టు. ఆనకట్ట దగ్గరి అడుగులు, లంకలో అడుగులు ఒకటి కావనుకో, ఆటకి ఆ మాత్రం చాలు. మొదటి హెచ్చరికకి మేట పోతుంది, రెండోదానికి చేలు పోతాయి, మూడోదానికి ఊరంతా గట్టెక్కాలి. కోట బురుజు ఎక్కి బాణాలేసే ఆట కాదిది. రెండడుగుల ఎత్తు కోసం కొట్టుకునే ఆట.

ఇంకొక్కటి. పశువుల్ని పెట్టు. ఆ రోజున మా నాన్న ముందు మమ్మల్ని కాదు, గొడ్ల పలుపులు విప్పడానికి పరిగెత్తాడు. కట్టుగొయ్యకి ఉన్న గొడ్డు ఈదలేదు. ఒక్కో పలుపు విప్పడానికి ఒక్కో యాక్షన్ పెట్టు. ఏం చేస్తారో చూడు.

ఏటిగట్టు | శనివారం, సాయంత్రం 6.02

మాస్టారూ, ఇన్నేళ్లలో ఇది చెప్పలేదు మీరు.

పంటు మాస్టారు | శనివారం, సాయంత్రం 6.40

ఎవరడిగారు?

గూనపెంకు | ఆదివారం, ఉదయం 7.00

నీళ్లు పెరగడం చూపించడానికి పలకలు మార్చుకుంటూ కూర్చోవద్దు తమ్ముడూ, ఇళ్లూ చెట్లూ తీసి మళ్లీ పెట్టేసరికి వరద దిగిపోతుంది. గోధుమరంగు ఊలు దారం తీసుకో. మెట్టు అంచు వెంబడి పరిచెయ్యి, దారానికి అవతలంతా నీళ్లే. హెచ్చరిక మారగానే దారం పై మెట్టుకి జరుపు. మా ఇంట్లో లేసు అల్లగా మిగిలిన దారం బస్తాడుంది, కావాలంటే మా ఊరొచ్చి పట్టుకెళ్లు.

లంకగాలి | కనుమ మర్నాడు, మధ్యాహ్నం 12.30

అందరికీ పండగ శుభాకాంక్షలు, ఆలస్యంగా. చెప్పాల్సింది చాలా ఉంది.

పలక తెచ్చేటప్పుడు బస్సు డిక్కీలో ఒక మూల విరిగింది. అక్కడ మేట కోసుకుపోయినట్టు రంగేసి సర్దేశాను. రాగుల మడి భోగినాటికి వేలెడెత్తు వచ్చింది, కనుమ పొద్దున మా దూడ వచ్చి తినేసింది. రెజిన్ కొనలేదు. చేపల పెట్టెలు వాడాను, సర్ఫు నీళ్లలో రెండు రోజులు నానబెట్టినా వాసన పోలేదు, గోదారి లంకే కదా అని ఎవరూ ఏమనలేదు.

కనుమ రోజు కాకి కూడా కదలదంటారు కదా, మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నవాళ్లం దీపాలు పెట్టేదాకా లేవలేదు. మొదటి హెచ్చరికకి నవ్వుకున్నారు. రెండోదానికి దారం చేల మీదికి జరిపేసరికి మా చెల్లి "ఒరేయ్ ఆగరా, ఆగు" అంది. అప్పటికి ఖజానా పడవ లాకుల్లోనే ఉంది, రెండు గళ్ల దూరం. పశువుల పాకలో ఎనిమిది గొడ్లు. మా బావ, ఇంతకాలం నిధి తప్ప మాట్లాడనివాడు, ఖజానా వదిలేసి పాకలోకి వెళ్లాడు. ఏడు పలుపులు విప్పాడు. ఎనిమిదోదానికి ఇరవై ముఖాల పాచికలో 3 పడింది. మూడో హెచ్చరిక. నేను దారం జరపకుండా కాసేపు ఊరుకున్నాను, నిజం చెప్తున్నాను. జరిపాను. ఎవరూ ఏం మాట్లాడలేదు.

అప్పుడు మా నాన్న, పక్కన మంచం మీద పేపరు చదువుకుంటున్నారని అనుకున్నాం, లేచొచ్చి బల్ల మీదికి వంగి చూసి, "పాక అక్కడెవడు కడతాడ్రా, గట్టు వారన కడతారు గానీ" అని పట్టుకుని ఊడబీకి గట్టు పక్కన పెట్టారు. "ఇప్పుడెయ్యమను" అన్నారు బావతో. బావ మళ్లీ వేశాడు. 17.

రూలు ప్రకారం చెల్లదని నాకూ తెలుసు, రాయకండి.

రాజా అన్నా, పాక ఊడబీకిన చోట ఫెవికాల్‌తోపాటు థర్మోకోల్ పెచ్చు లేచిపోయింది, అరచేయంత. దాన్ని ఎలా పూడ్చాలి?

థర్మోకోల్ రాజా | కనుమ మర్నాడు, మధ్యాహ్నం 1.05

వాల్ పుట్టీలో కొంచెం ఫెవికాల్ కలిపి పలచగా రెండు విడతలు మెత్తు, ఒకేసారి మందంగా వేస్తే బీటలిస్తుంది. పైన కొబ్బరి పొట్టు చల్లు. లేదా అలాగే వదిలెయ్, పాత పాక నేల అలానే ఉంటుంది.

ముందు ఫొటో పెట్టవయ్యా, నెల రోజుల్నుంచి అడుగుతున్నాం.